గడియ వేసే ముందు

మిట్టమధ్యాహ్నం... పట్టపగలే చీకటి కమ్మింది! కారుమేఘాలు భీకరంగా గర్జిస్తున్నాయి. వేళ తప్పిన గుడ్లగూబ ఒకటి గిడ్డంగి చూరు మీద వాలి వికృతంగా కూసింది.

అది ఒకప్పటి ధాన్యపు గిడ్డంగి. యుద్ధకాలంలో సైనికులు ఒక వీధి జనాన్నంతా అందులో కుక్కి బయట గడియ వేశారు. "ఉన్నాం... లోపల మేమున్నాం!" అన్న ఆర్తనాదాలు వింటూనే వెళ్ళిపోయారు. ఊపిరాడక అందరూ చచ్చిపోయారు.

అందుకే ఇప్పుడు స్మారకంగా మారిన ఆ గదికి ఒక కట్టుబాటు. సందర్శకులు వెళ్ళాక గైడు గుమ్మంలో నిలబడి, "లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. జవాబు కోసం ఆగాలి. ఆ తర్వాతే గడియ. ఆ గైడు అమ్మమ్మ పోయింది కూడా ఆ గదిలోనే.

అంతటి ఘోరం జరిగిన చోట జనం చేస్తున్నదేమిటి? గోళ్ళ గీతలున్న గోడకు ఆనుకుని, పళ్ళికిలిస్తూ ఫోటోలు! ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు వీళ్ళకంటే నయం. ఇక వీళ్ళను తోలుకొచ్చినవాడు పరమ నీచుడు. యాత్రల వ్యాపారం ముసుగులో క్షుద్రోపాసన సాగించే మాంత్రికుడు! చచ్చినవాళ్ళ కేకలు వినిపిస్తానని టిక్కెట్లు అమ్మాడు.

వాడు మృతుల ఎముకలుంచిన అద్దాల పెట్టెను ఫెళ్ళుమని పగలగొట్టి, అందులోని కపాలం తీశాడు.

"ముట్టుకోకండి సార్! అవి మావాళ్ళ ఎముకలు!" గైడు అడ్డం పడింది.

వాడు ఆమె జుట్టు ఒడిసిపట్టాడు. తన వేలు కోసి కపాలం మీద రక్తం చిందించాడు. "హ్రీం... హుం... ఫట్!" ఆమె కనుగుడ్లు తిరగబడ్డాయి... నేల కూలింది... లేచేసరికి ఆ ముఖంలో ఒక వృద్ధురాలి చూపు!

"అరవవే ముసలీ! అరవకపోయావో, నీ మనవరాలి ప్రాణం తీస్తా!"

సందర్శకుల ఫోన్లు పైకి లేచాయి. ఆమె అరవలేదు. కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం దాటి లోపలివాళ్ళ వైపు తిరిగింది.

"చూసింది చాలు. బయటికి నడవండి" అంది ముసలి గొంతుతో.

ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటూ అంతా పారిపోయారు. మాంత్రికుడూ అడుగు వేయబోయాడు... కాలు కదల్లేదు! కనిపించని చేతులేవో వాడి పాదాలను పట్టుకున్నాయి. ఏ మంత్రమూ నోటికి రాలేదు.

"లోపల ఇంకా ఎవరైనా ఉన్నారా?" ముసలి గొంతు అడిగింది.

"ఉన్నాను! నేనున్నాను తల్లీ! గడియ వెయ్యకు!"

ఆమె ఆగింది. నాలుగు గోడలూ ఒక్కసారిగా ఘోషించాయి...

"మేమూ ఉన్నాం!!"

గడియ పడింది.

స్పృహ వచ్చాక గైడు తలుపు తీసింది. మాంత్రికుడు లేడు! కపాలం దాని చోట అది ఉంది. గోడ మీద, పాత గీతల పక్కన, పచ్చి నెత్తురుతో కొత్త గోళ్ళ గీతలు!

మర్నాడు సందర్శకులు వెళ్ళాక, ఆమె అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఉన్నాను... తలుపు తియ్యండి..." ఖాళీ గదిలోంచి సన్నగా ఏడుపు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు.

"మావాళ్ళూ ఆ రోజు ఇదే అన్నారు" అంది గైడు, గడియ వేస్తూ.