ఆరు గంటల పూచీ

“రాడార్ స్టేషన్ల మ్యాప్ ఈ మధ్యాహ్నం దేశం దాటుతోంది,” వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు. “మన ఏజెంట్ ‘పెయింటర్’ శత్రువులకి అమ్ముడుపోయింది. నర్సు ఇంట్లో అద్దెకుంది కదా, ఆ ఇంటి డిష్ నుంచే పంపుతోంది. ఆపు.”

కొండదారిలో జీపు నడుపుతున్న ఏజెంట్ మారుపేరు డీలర్. కరెంటు లైను లేని ఆ ఇళ్ళకి సోలార్ ప్యానెళ్ళు, బ్యాటరీలు, శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌లు అమ్మడం అతని మారువేషం. అమ్మిన ప్రతి బ్యాటరీ పెట్టెలోనూ ఒక రహస్య మైకు దాచాడు. ఆరు గంటల బ్యాకప్‌లో రెండు గంటలు ఆ మైకే తినేస్తుంది. తెలిసి కూడా పెట్టె మీద ఆరు గంటలనే రాశాడు.

నర్సక్క అడిగింది కూడా. “వాన రోజు డాక్టరుగారితో వీడియోలో మాట్లాడాలి తమ్ముడూ. నిలబడుతుందిగా?”

“నాది పూచీ అక్కా.”

మొన్న అదే మైకులో ఆమె ఎవరితోనో అంటోంది: “ఆ బ్యాటరీ తమ్ముడు అబద్ధమాడే మనిషి కాదే.” చీఫ్‌కి పంపిన రిపోర్టులో ఆ ఒక్క మాటా కత్తిరించేశాడు డీలర్.

ఇవాళ పొద్దుటి నుంచీ వాన. పన్నెండుకి మబ్బు మరీ దట్టమై, అప్పటి నుంచి ఇల్లంతా బ్యాటరీ మీదే నడుస్తోంది. అతను చేరేసరికి నాలుగుకి మూడు నిమిషాలు తక్కువ.

ముందు గదిలో ఒక గర్భిణి మూలుగుతోంది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. తెర మీద డాక్టరు ఒక్కొక్క మాటే చెబుతుంటే నర్సు అలాగే చేస్తోంది. డీలర్‌ని చూసి తలూపింది.

వరండాలో బ్యాటరీ స్విచ్. ఒక్క నొక్కుతో ఫైలు ఆగుతుంది. డాక్టరూ ఆగుతాడు. డీలర్ చెయ్యి వెనక్కి తీసుకుని, వెనక గది తలుపు తోశాడు.

“ఎండ ఎప్పుడు కాస్తుంది?” కోడ్ వాక్యం.

“కుంచె ఆరాక.” ఎర్రటి పెదాలతో నవ్వింది పెయింటర్. చేతిలో సైలెన్సర్ పిస్టల్. “కోడ్ మరిచిపోలేదు డీలర్. డిపార్ట్‌మెంట్‌నే మరిచిపోయాను.”

ల్యాప్‌టాప్ మీద తొంభై ఎనిమిది శాతం.

“స్విచ్ ఆపకుండా వచ్చావే! మెత్తబడిపోయావు. ఇంకో నిమిషం చాలు నాకు. బ్యాటరీకి రెండు గంటలుంది, నువ్వే రాశావుగా.”

తొంభై తొమ్మిది.

లైటు ఆరిపోయింది. డిష్ లింకు తెగింది. ఆమె చూపు తెర వైపు తిరిగిన ఆ రెప్పపాటులో డీలర్ దెబ్బకి పిస్టల్ ఎగిరిపడింది, ఆమె చెయ్యి బేడీతో కిటికీ ఊచకి చిక్కింది.

“ఆరు గంటలని రాసి... దొంగవి నువ్వు!” అరిచింది పెయింటర్.

“తమ్ముడూ!” ముందు గదిలోంచి కేక. “డాక్టరుగారు మాయమయ్యారు! ఆరు గంటలన్నావుగా!”

ఒకే అబద్ధం. దేశానికి లాభం, ఆ గదికి నష్టం. లాభం వైపు చూడలేకపోయాడు డీలర్. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వానలోకి పరుగెత్తాడు. జీపు బ్యాటరీ ఊడదీసి తెచ్చి వైర్లు కలిపాడు. మైకు పీకి బురదలోకి విసిరాడు. డిష్ మళ్ళీ లింకు పట్టడానికి నాలుగు నిమిషాలు.

మొదట డాక్టరు గొంతు. కాసేపటికి పసిబిడ్డ ఏడుపు.

చేతులు తుడుచుకుంటూ వచ్చింది నర్సు. “కాపాడావు తమ్ముడూ.”

ఆ మాట భరించలేక అంతా చెప్పేశాడు.

“అంటే నా మాటలన్నీ విన్నావు.”

“విన్నానక్కా.”

“నువ్వు అబద్ధమాడవని అన్నది?”

“అదీ విన్నాను.”

“వెనక్కి తీసుకుంటున్నా. మీవాళ్ళకి రాసి పంపు.”

ఈసారి రిపోర్టులో ఒక్క అక్షరం కూడా కత్తిరించలేదు డీలర్.