జింక ఎందుకు ఆరిపోతోంది

కళ్లజోళ్ల షాపులో పని చేసే ఆ కుర్రాడు మొదటిసారి లైట్ల పార్కుకు వచ్చింది అక్క పోరు పడలేక. సెలవుల్లో ఇద్దరు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని ఆవిడకు మతి పోతోంది. "ఒక్క సాయంత్రం తిప్పి తీసుకురారా, కాసేపు కళ్లు మూసుకుంటాను" అంది. ఆరేళ్ల పెద్దదాన్ని ఒక చేత్తో, నాలుగేళ్ల బుడ్డోణ్ని ఇంకో చేత్తో పట్టుకుని బయల్దేరాడు.

పార్కులో లైట్లతో చేసిన నెమలి ఉంది, ఓడ ఉంది, నడిచి వెళ్లడానికి సొరంగం ఉంది. బుడ్డోడికి అవేవీ కంటికి ఆనలేదు. వాడికి వైర్లు నచ్చాయి. మావయ్య భుజాలెక్కి, లైట్ల జింక చెవి దగ్గరున్న బల్బు పట్టుకుని లాగాడు. జింక మొత్తం ఆరిపోయింది.

జేబులో టెస్టరు, భుజాన నిచ్చెనతో ఒక అమ్మాయి వచ్చింది. ఆ పార్కు ఎలక్ట్రీషియన్ ఆమే.

"ఎవరు లాగారు?"

"మావయ్య," అన్నాడు బుడ్డోడు, మావయ్య భుజాల మీద నుంచే.

"నేను కాదండీ, వీడు."

"నాలుగేళ్ల పిల్లాడి మీదకు తోస్తున్నారా?"

రోజంతా ఎదుటివాళ్ల చేత అక్షరాలు చదివించే మనిషి, పక్కనున్న 'తాకరాదు' బోర్డును అక్షరం అక్షరం చదవసాగాడు. ఆమె అతన్ని వదిలేసి పిల్లలతో మాట్లాడింది.

"ఈ బల్బులన్నీ చేతులు పట్టుకుని నిలబడ్డాయి. ఒకటి చెయ్యి వదిలిందంటే అందరూ ఆరిపోతారు. అర్థమైందా?"

నిచ్చెనెక్కి బల్బు నొక్కింది. జింక వెలిగింది. ఆ వెలుగు ఆమె ముఖం మీద పడింది, అతను ప్రేమలో పడ్డాడు. ఇందులో దాచడానికేమీ లేదు.

ఆ తర్వాత అక్క అడక్కుండానే పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్క ముందు సంతోషించింది, తర్వాత అనుమానించింది. పిల్లలకైతే విసుగొచ్చేసింది.

"మళ్లీ లైట్లేనా మావయ్యా?" అంది పెద్దది.

"లైట్లు చూస్తే కళ్లకు మంచిది."

"ఎవరు చెప్పారు?"

"నేను కళ్లజోళ్ల షాపులో పని చేస్తాను. నాకు తెలీదా?"

వాళ్లు వెళ్లినప్పుడల్లా జింక చెవి దగ్గర బల్బు ఎందుకో వదులయ్యేది. ఎందుకో ఏముంది, ఎవరూ చూడకుండా మునివేళ్ల మీద నిలబడి అతనే వదులు చేసేవాడు. ఒక్కోసారి అతను జింక దాకా వెళ్లేసరికే అది ఆరిపోయి ఉండేది. అదృష్టం అనుకునేవాడు.

"మీరొచ్చినప్పుడే ఆరుతుందేంటండీ ఇది?" అంది ఆమె ఒకసారి.

"మా మీద అలిగిందేమో."

"జింకా?"

"మీరెలాగూ అలగరు కదా. ఎవరో ఒకరు అలగాలి."

ఆమె నవ్వలేదు. కానీ ఒక్క బల్బు నొక్కడానికి కావలసిన దానికంటే చాలాసేపు నిచ్చెన మీదే ఉంది.

ఇలా హాయిగా గడిచిపోతుంటే ఒక సాయంత్రం ఆమె ముఖం వాడిపోయి కనిపించింది. ఏమైందని అడిగాడు.

"ఈ జింకను నేనే కట్టాను. కడ్డీలు వంచడం దగ్గర్నుంచి అన్నీ. సీజనంతా మొరాయించకుండా వెలిగితే వచ్చే ఏడాది ఏనుగు నన్నే కట్టమంటానన్నాడు సూపర్‌వైజర్. ఇప్పుడేమో, జింకే నిలబడట్లేదు, నీకు ఏనుగెందుకంటున్నాడు. ఎల్లుండి తేలుస్తాడట. దీన్ని పీకించేసి నన్ను జనరేటర్ షెడ్డుకు పంపుతాడు."

జనరేటర్ షెడ్డు కంచె అవతల ఉంది. అటు ఎవరినీ రానివ్వరు. అతను బల్బు జోలికి ఇక పోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. తన చేతుల మీద తనకే నమ్మకం లేక మర్నాడు పార్కుకే వెళ్లలేదు. "ఇన్నిసార్లు వెళ్లడానికి అక్కడేముందో నేనూ చూస్తాను" అని వాళ్లమ్మ మనవల్ని తీసుకుని తనే వెళ్లొచ్చింది. వచ్చి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో కొత్త.

ఆ మర్నాడు సాయంత్రం అమ్మా, పిల్లలూ వెంట రాగా పార్కుకు వెళ్లాడు. జింక ముందు సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన ఆమె తల దించుకుని ఉంది. అతను నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, జింకలో లోపమేమీ లేదు. బల్బు వదులు చేసింది నేను."

"ఎందుకు?"

"ఈవిడ వచ్చి బిగిస్తారని."

"బిగిస్తే?"

"చూడొచ్చని."

"జింకనా?"

"కాదండీ. ఈవిణ్ని. నాకు ఈవిడంటే ఇష్టం. ఏనుగు ఈవిడ చేతే కట్టించండి. కావాలంటే నన్నిక లోపలికి రానివ్వకండి."

సూపర్‌వైజర్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "మరి నిన్న కూడా ఆరిందే. నిన్న కూడా నువ్వు వచ్చావా?"

"రాలేదండీ."

అందరూ బుడ్డోడి వైపు చూశారు. "నేను కాదు. అమ్మమ్మ నా రెండు చేతులూ పట్టేసుకుంది," అన్నాడు వాడు.

ఆమె జేబులోంచి టెస్టరు తీసింది. మళ్లీ లోపల పెట్టుకుంది.

"నిన్నటిది నేనే సార్. అంతకు ముందు కొన్ని కూడా."

"నువ్వా?"

"గేటు దగ్గర పిల్లలు కనిపించారు. వెనకే ఈయన వస్తున్నారనుకున్నాను. జింక వెలుగుతూ ఉంటే నాకు ఇటు వచ్చే పనుండదు కదా."

"ఏనుగు పోతుందని తెలిసి కూడానా?"

"తెలిసే."

ఆ ఒక్క మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. జింక కోసం తను బెంగపడుతుంటే, తన కోసం ఈ పిల్ల ఏకంగా ఏనుగునే వదులుకోబోయింది.

"నాకు నిన్ననే అర్థమైంది," అంది వాళ్లమ్మ. "బల్బు బిగిస్తున్నంతసేపూ నా వెనక గేటు వైపే చూసింది. నాకోసమైతే కాదు కదా."

"మరి నాకు చెప్పలేదేంటమ్మా?"

"కళ్లజోళ్ల షాపులో పని చేస్తున్నావు, నీకే కనిపిస్తుందిలే అనుకున్నాను."

సూపర్‌వైజర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే జింకలో లోపం లేదు. ఏనుగు నువ్వే కట్టమ్మా. చెవులు మాత్రం ఎవరికీ అందనంత ఎత్తులో పెట్టు. నీక్కూడా."

పెద్దదానికి అసలు సంగతి తేలలేదు. "లైట్ల అక్కా, ఇక మేం రోజూ రానక్కర్లేదా?" అని అడిగింది.

"అక్క కాదే, అత్త అను," అంది అమ్మమ్మ.

ఆమె మొదటిసారి తల ఎత్తి అతన్ని సూటిగా చూసింది. ఏమైనా చెప్పాలి కాబట్టి అతను, "సొరంగం చూద్దామా?" అన్నాడు. ఆ సొరంగంలో ప్రతి బల్బూ ఆమె బిగించిందే.

"చూద్దాం," అంది.

ఇద్దరూ మధ్యలో ఓ మనిషి పట్టేంత దూరం వదిలి నడుస్తున్నారు. బుడ్డోడు వెనక నుంచి అది చూశాడు. వాడికి నచ్చలేదు.

"అత్తా, మావయ్య చెయ్యి పట్టుకో. లేకపోతే అందరం ఆరిపోతాం."

ఆమె దగ్గరికి జరిగి, వాడు చెప్పినట్టే చేసింది.