చిన్నావిడ బట్టీ

ఆ బట్టీ మంచిది కాదు. ఈ మాట నాది కాదు, ఆ వీధంతా అనే మాటే. కుండల షెడ్డు వెనక, సందు మలుపులో, ఇనప తలుపున్న చిన్న కట్టెల బట్టీ. దాన్ని కట్టించుకున్న చిన్నావిడ పోయాక అందులో ఎవరూ నిప్పు వెయ్యలేదు. అయినా చీకటి పడ్డాక అటుగా వెళ్తే లోపల్నుంచి "ఆగు..." అని వినిపిస్తుందట. పేపర్లు వేసేవాడు ఒకసారి విన్నాడు. ఆగలేదు సరికదా, సైకిలు అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

పెద్దావిడ మాత్రం నమ్మేది కాదు. "బతికుండగానే దాని మాట వినలేదు. చచ్చాక వింటానా?" అనేది.

ఇద్దరూ తోడికోడళ్లు. ఒకే షెడ్డు, ఒకే మట్టి. ఒకరోజు కొనేవాళ్ల ముందు చిన్నావిడ నవ్వుతూ, "మా అక్కయ్యకి చెయ్యి మంచిదేగానీ ఓపిక లేదండీ, బట్టీ చల్లారేదాకా ఆగలేదు" అంది. అంతే. పెద్దావిడ ఆవిడతో మాట మానేసింది. చిన్నావిడ మంచాన పడ్డప్పుడు గుమ్మం దాకా వెళ్లి, గడప దాటకుండా తిరిగొచ్చింది. తప్పంటారా? అనండి. పదిమందిలో మాట పడ్డవాళ్లకి తెలుస్తుంది ఆ మంట.

అలాంటి మనిషి ఆ బట్టీ దగ్గరికి ఎందుకు వెళ్లిందంటే — కరెంటు బట్టీలో కాయిలు కాలిపోయింది. కొత్త కాయిలు రేపొస్తుందన్న పెద్దమనిషి రేపు, రేపు అంటూనే ఉన్నాడు. నేనైతే వాణ్ణి మళ్లీ మెట్టెక్కనివ్వను. ఇక్కడేమో ఒక మట్టిగిన్నె కాల్చడానికి సిద్ధంగా ఉంది. దాని మీద పచ్చిపూత పొలుసులుగా లేస్తోంది. గీకేసి మళ్లీ పూద్దామంటే... చెయ్యి నిలవడం లేదు.

ఆ వణుకు సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొంగు చాటున దాచుకు తిరుగుతోంది. సారె మీద తను తిప్పగలిగిన ఆఖరి గిన్నె ఇదేనని ఆవిడొక్కదానికే తెలుసు. ఇది పగిలిందా, ఇంకోటి లేదు.

పెద్దావిడ ఆ చిన్నావిడ కొడుకునే పిలిచింది.

"మీ అమ్మ బట్టీ వెలిగించు."

వాడు బిత్తరపోయాడు. "ఏ అమ్మది, పెద్దమ్మా?"

"నీకెంతమంది అమ్మలున్నార్రా? కట్టెలు తే."

పొద్దుటినుంచి మంట. చీకటి పడేవేళకి పెద్దావిడ గోడకి చేరబడి కునుకు తీసింది. లేచేసరికి వాడు మంట ఆపి, పొయ్యి మూతి మూసేసి, ఇంటికి వెళ్లిపోయాడు. ఇక చెయ్యాల్సింది ఒక్కటే — తెల్లారేదాకా తలుపు ముట్టుకోకపోవడం. వేడి గిన్నెకి చల్లగాలి తగిలితే నిలువునా పగులుతుంది.

ఇళ్లల్లో దీపాలు ఆరాయి. వీధి మాటు మణిగింది.

టింగ్...

తలెత్తింది.

టింగ్...

చల్లారే పూత అలాగే చప్పుడు చేస్తుంది. ఎన్నిసార్లు వినలేదు? కానీ ఇవాళ ఆ చప్పుడు గుండెలో పడుతోంది. పగిలిందేమో. కాస్త సందు చేసి, ఒక్కసారి చూసి, మూసేస్తే...

చేతికి గుడ్డ చుట్టుకుని తలుపు పిడి పట్టుకుంది.

"ఆగు..."

పొగగొట్టంలో గాలి. అంతే.

లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. వెంట్రుకంత సందిచ్చింది తలుపు — మరుక్షణం లోపల్నుంచి ఎవరో వెనక్కి లాక్కున్నట్టు, టప్పున మూసుకుంది.

"ఆగక్కా..."

"వదులు," అంది మెల్లిగా. ఇన్నేళ్ల తరవాత తోడికోడలితో అన్న మొదటి మాట అదే.

తలుపు వదల్లేదు.

అరచేతులు కమిలిపోయి, నేల మీద కూలబడింది. వేడికి ఇనుము ఉబ్బి ఉంటుంది, అనుకుంది. ఇనుము ఉబ్బితే బిగుసుకోదూ? ఆ ముక్కే పదేపదే అనుకుంటూ తెల్లవార్లూ కూర్చుంది.

వెలుగొచ్చాక పిడి మీద వేలు పెట్టింది. తలుపు తనే వచ్చింది. గిన్నె మీద గీత లేదు. పూత గాజులా నున్నగా దిగింది. గోటితో కొడితే ఖంగుమంది.

అప్పుడొచ్చాడు చిన్నావిడ కొడుకు, రొప్పుతూ, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా.

"పెద్దమ్మా... గిన్నె పోయిందా?"

"పోవడమేంటి? చూడు."

వాడు చతికిలబడ్డాడు. "ఇప్పుడే మెలకువొచ్చి గుర్తొచ్చింది. ఆ తలుపుకి గడియ లేదు పెద్దమ్మా, ఎప్పుడో ఊడిపోయింది. ఏదో ఒకటి ఆనించకపోతే దానంతటదే తెరుచుకుంటుంది. నిన్న ఓ దుంగ ఆనించాను. చివర్లో కట్టెలు చాలక, ఆ దుంగనే పొయ్యిలో వేసేశాను. ఇంకోటి పెట్టడం మరిచిపోయాను."

పెద్దావిడ తలుపు అంచు తడిమి చూసింది.

వాడి చూపు ఆవిడ కమిలిన అరచేతుల మీద పడింది. "అయ్యో... రాత్రంతా నువ్వే పట్టుకు కూర్చున్నావా?"

ఇంకొకరి పని తన పనని చెప్పుకున్న మనిషి కాదావిడ, ఏనాడూ.

"పట్టుకున్నది నేను కాదురా," అంది. "నేను లాగాను."