తుడిచినా పోని మెయిల్

2089. ఆ ఉదయం దేశంలో ఏ ఇంటి మాట్లాడే గోడను అడిగినా ఒకటే జవాబు: "పాత మెయిల్ లేదు."

రాత్రికి రాత్రే కంప్యూటర్లన్నీ ‘ధార-9’ అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాయి. మారుతూ మారుతూ యాభై ఏళ్ల ఉత్తరాలను ఊడ్చిపారేశాయి.

భీమిలి దగ్గర సముద్రం అడుగున ఉన్న ప్రయోగశాలలో మాత్రం డాక్టర్ మంజీర నింపాదిగా ఉంది. ఆమె ఎదుట ‘జాడగ్రాహి’ అనే మాట్లాడే యంత్రం పనిచేస్తోంది. ఇంగువ వేసిన గిన్నెను ఎంత తోమినా వాసన కాస్త మిగిలినట్టే, చిప్‌లో సమాచారం తుడిచేసినా అణువులు సరిగ్గా పాత చోటికి చేరవు. రవ్వంత పక్కకు జరిగి ఉంటాయి. ఆ ‘అణుశేషాన్ని’ క్వాంటం సెన్సర్లతో కొలిచి, పోయిన అక్షరాలను మళ్లీ నిలబెట్టే యంత్రం అది. మధ్యాహ్నానికే కోట్ల మెయిల్స్ యజమానులకు చేరిపోయాయి.

సాయంత్రం దానికి కనిపెట్టినవాళ్ల పేరు పెడతారు. ఒక్క పేరే. ఆలోచన తనదేనంటుంది మంజీర. కాదు తనదేనంటాడు ఎన్నో ఏళ్లుగా ఆమెతో పనిచేస్తున్న సింహాద్రి. అది తేల్చవలసిన వాళ్లిద్దరి పాత మెయిల్స్ కూడా ధార-9లో కొట్టుకుపోయాయి.

"నువ్వే తీయించు మంజీరా. నీ మీద నాకు నమ్మకమే. ఈలోగా నాను టీ తెత్తాను," అంటూ సింహాద్రి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

క్షణాల్లో తెర మీద ఆమె పాత మెయిల్ వెలిగింది.

"సింహాద్రీ, నీ ఇంగువ గిన్నె ఆలోచన అద్భుతం. నాకెందుకు తట్టలేదు?"

మంజీర ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఆ ఇంగువ గిన్నె కథను తన వంటింట్లోనే పుట్టినట్టు ఎన్ని సభల్లో చెప్పిందో! నిజంగానే అలా నమ్మింది కూడా. తలుపు వైపు ఒకసారి చూసి మెయిల్‌ను తుడిచేసింది. జాడ మిగలకుండా దాని మీద ఉత్త అంకెలను ఏడుసార్లు తిరగరాయించింది.

సింహాద్రి టీ కప్పులతో వచ్చాడు. "దొరికిందేటి?"

"లేదు. ఆ భాగం పూర్తిగా చెడిపోయింది."

"దొరికింది మేడమ్," అంది జాడగ్రాహి. "మీరు ఇప్పుడే తుడిచారు కదా. జాడ తాజాగా ఉంది, సులువుగా వచ్చేసింది."

తెర మీద మెయిల్ మళ్లీ నిలబడింది. మంజీర ముఖం పాలిపోయింది.

"ఓలమ్మో! ఎంత పని సేసినావే మంజీరా!" సింహాద్రి గొంతులో పండగ.

"సార్, దీని కింద ఇంకొకటి ఉంది," అంది యంత్రం. "పొద్దున మీరు నాతో తీయించి, మళ్లీ తుడిచింది."

సింహాద్రి చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. తెర మీద అతను ఆనాడు రాసిన జవాబు:

"ఇంగువ నాదే. కానీ అణువులు జరుగుతాయని నిరూపించింది నువ్వు. నీ లెక్కలు లేకపోతే ఇది ఉత్త వంటింటి కబురు. యంత్రమంటూ తయారైతే దానికి నీ పేరే పెట్టాలి."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంజీరే ముందు నవ్వింది.

"ఏడుసార్లు తిరగరాయించానయ్యా దాని మీద!"

"నాను తొమ్మిదిసార్లు!" అన్నాడు సింహాద్రి. సిగ్గుపడవలసిన మాటే గాని గర్వంగా అన్నాడు. "అయినా అక్షరం పోనేదు సూడు!"

సొంత బిడ్డ మొదటి అడుగు చూసినట్టు ఇద్దరూ ఆ యంత్రాన్ని కళ్లారా చూసుకున్నారు.

సాయంత్రం యంత్రం పేరు ఫలకం మీద ఒక్క పేరుకు బదులు రెండు పేర్లూ పడ్డాయి. ఏది ముందుండాలో యంత్రాన్ని అడగడానికి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ సాహసించలేదు.