తొడగని తెల్ల అంగీ

ఆ రోజు నేను ఆ పిల్లకి చీజు అమ్మి ఉంటే బేరం అక్కడితో తీరిపోయేది. అమ్మనన్నాను. అందుకే ఆమె నా మొహం సరిగ్గా చూసింది.

మా తహ్తా ఊరి బజారులో మా నాన్న మల్లెం అయ్యాద్ కొట్టు ఎరగనివాళ్ళు లేరు. నువ్వులు, హల్వా, పప్పులు, ఎండు చిక్కుడు గింజలు. మేం ఆర్థడాక్స్ వాళ్ళం. ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలైన రోజు చీజు డబ్బాల మీద గుడ్డ కప్పేస్తాం, పండుగ దాకా తియ్యం, ఉపవాసంలో పాలూ మాంసం ముట్టకూడదు గనక. మిగతా బజారు ఈగలు తోలుకునే ఆ రోజుల్లోనే మా కొట్టు కిటకిటలాడుతుంది. దేవుడి మీద భక్తీ, వ్యాపారం ఒకే తక్కెడలో సరితూగే ఇల్లు మాది.

ఆ పూట దుమ్ముగాలి వీస్తోంది. కళ్ళు తప్ప మొహమంతా చున్నీతో చుట్టుకుని వచ్చిందామె.

"పావు కిలో చీజు ఇవ్వండి."

"లేదండీ."

"ఆ గుడ్డ కింద ఉన్నదేమిటి?"

"చీజే."

"మరి లేదంటారేం?"

"ఉపవాసం. మెళ్ళో సిలువ వేసుకుని మీరే ఇలా అడిగితే ఎలా?"

"మా ఉపవాసం వచ్చే సోమవారం నుంచి."

అప్పుడర్థమైంది, కాథలిక్కుల పిల్ల. "ఓహో. మీకన్నీ తక్కువ తూకమే."

"తూకం గురించి మీరే చెప్పాలి మరి. మీ హల్వాలో నువ్వులకన్నా చక్కెరే ఎక్కువని మా నాన్న అంటుంటాడు."

"ఎవరండీ ఆ మహానుభావుడు?"

"బుష్రా మాష్టారు."

సిస్టర్ల బడిలో నాకు లెక్కలు నేర్పింది ఆయనే. ఆయన చెవి మెలిపెట్టిన చోటు ఇప్పటికీ తడుముకుంటూ ఉంటాను.

"చీజు ఇస్తారా, నాన్నని పంపించనా?"

"పంపండి. భయపడతాను. కానీ అమ్మను."

చున్నీ వెనక నవ్విందని కళ్ళ చివరలు చెప్పాయి. హల్వా కొనుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు దాన్ని తిరిగి తెచ్చి, "నాన్న అన్నది నిజమే" అంది. కొట్టులో చాలామంది ఉండగా అంది. నష్టం వచ్చినా నాకు కోపం రాలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

పేరు మాద్లెన్. అదే బడిలో ఇప్పుడు ఆమె టీచరు. ఆ ఉపవాసమంతా ఏదో ఒక వంక పెట్టుకుని కొట్టుకి వచ్చేది. పండుగనాడు చీజు డబ్బా గుడ్డ తీసి మొదటి ముక్క ఆమెకే కోశాను. "ఆలస్యంగా అమ్మారు" అని మూతి ముడుచుకుంది. కానీ తీసుకుంది.

మా ఊళ్ళో ఆర్థడాక్స్ అబ్బాయి కాథలిక్ అమ్మాయిని చేసుకోవడం వింతేమీ కాదు. వచ్చే అమ్మాయి మా చర్చిలో మళ్ళీ జ్ఞానస్నానం చేయించుకుంటుంది, మరుసటి వారం పెళ్ళి. అందరూ అలాగే చేస్తారు గనక, ఆ మాట ఎవరూ అడగరు. మా అమ్మానాన్నలు అడగలేదు. మాద్లెన్ వాళ్ళ చర్చికి మా జ్ఞానస్నానంతో పేచీ లేదు గనక, ఎవరినీ మళ్ళీ ముంచరు గనక, బుష్రా మాష్టారికీ అడగాలని తోచలేదు. రెండు వైపులా ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని ఒప్పేసుకున్నారు.

నిశ్చితార్థం నాడు ఆ లెక్కలు ఎదురుపడ్డాయి.

ఉంగరాలయ్యాయి. ఆడవాళ్ళ సంబరపు కేకలతో వీధి మోగింది. మా మేనత్త ఇస్తీర్ ఒక మూట తెచ్చి మాద్లెన్ ఒళ్ళో పెట్టింది. విప్పితే పాదాల దాకా ఉండే తెల్లటి నూలు అంగీ.

మాద్లెన్ అది పైకెత్తి చూసి నవ్వింది. "అత్తా, ఇది పెళ్ళిబట్టలా లేదే. రాత్రి చొక్కానా?"

"కాదే పిచ్చిదానా, నీళ్ళలోకి దిగేటప్పుడు తొడుక్కోవాలి. మా చర్చి గురువు అబూనాతో మాట్లాడేశాం, ఆదివారం తర్వాత ఎప్పుడైనా సరేనన్నాడు."

"ఏ నీళ్ళు?"

"జ్ఞానస్నానానికి."

"నాకైపోయింది కదా అత్తా."

"అది మీ చర్చిలో కదమ్మా. ఇప్పుడు అసలైనది."

కేకలు ఆగిపోయాయి. మాద్లెన్ అంగీని మడతల మీదే మడిచి, తన తమ్ముడి ఫొటో ఉన్న గోడ వైపు చూసింది. ఫాదీ అని, బడికి వెళ్ళే వయసులోనే కాలవలో పడి పోయాడు.

"నాకూ వాడికీ ఒకే తొట్టిలో చేయించారు. ఒకే అబూనా. నాది అసలైనది కాదంటే వాడిదీ కాదు. నాకైతే మళ్ళీ చేయించుకునే వీలుంది. వాడు ఎక్కడికెళ్ళి చేయించుకుంటాడు?"

మా నాన్న, "ఇది అందరూ చేసేదే తల్లీ. అంత దూరం ఆలోచించకు" అన్నాడు.

"వాడు నా తమ్ముడు మావయ్యా. ఆలోచించకుండా ఎలా ఉంటాను?"

ఇంటికొస్తూ నా పద్ధతిలో లెక్క వేశాను. ఆమె ఇటు రాదు. వస్తే తమ్ముణ్ణి పోగొట్టుకోవాలి. నేను అటు వెళ్తే పోయేదేమిటి? కొట్టు, నాన్న కోపం. కోపం కొన్నాళ్ళకు చల్లారుతుంది. బేరం గిట్టుబాటేననిపించింది.

వాళ్ళ అబూనా ఆన్తూన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చర్చి వెనక మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"కాథలిక్ అవుతాను అబూనా. జ్ఞానస్నానం ఎప్పుడు?"

"నీకైపోయింది కదా."

"అది మా చర్చిలో."

"నీళ్ళు పోశారా? తండ్రి, కుమార, పవిత్రాత్మ అన్నారా? ఇంకేం కావాలి? విశ్వాస ప్రమాణం చెప్పి, పాపాలు ఒప్పుకుని, సత్ప్రసాదం తీసుకుంటే చాలు."

"అంతేనా?" అనుమానంగా అడిగాను. ఇంత చౌకగా వచ్చే సరుకుని నేనెప్పుడూ నమ్మలేదు.

"అంతే. తర్వాతే బరువు." ఆయన కుండ కింద పెట్టాడు. "రేపు మాద్లెన్ నిన్ను వద్దంటే, ఆదివారం వస్తావా?"

"అప్పుడు చూద్దాం అబూనా."

"అయితే చూసుకుని రా. ఆ పిల్లని కొనుక్కోవడానికి నా చర్చిని ధరగా చెల్లించనివ్వను."

ఈ మాట మాద్లెన్ దాకా వెళ్ళింది. సాయంత్రం కొట్టు ముందుకొచ్చి నిలబడింది. ఆ రోజు నవ్వు లేదు.

"నా కోసం మతం మారతానన్నావట."

"నీ కోసం కాకపోతే ఇంకెవరి కోసం?"

"నేనడిగానా? రేపు మీ అమ్మ ఏడిస్తే, నాన్న తిడితే, కూరలో ఉప్పెక్కువైతే, 'నీ కోసం అంత వదులుకున్నాను' అంటావు. జన్మంతా ఆ మాట వింటూ బతకలేను, నాషెద్."

"అనను."

"వ్యాపారివి. అనకపోయినా మనసులో రాసుకుంటావు."

ఉంగరం తీసి తక్కెడ పళ్ళెంలో పెట్టింది. పళ్ళెం కదలనైనా కదల్లేదు. అదే నాకు బాగా గుర్తుంది.

ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళాను, మొండితనంతోనే. చిట్టచివర బల్ల మీద కూర్చున్నాను. పాటలు మావే. ధూపం మాదే. రెండు బస్తాల్లో తేడా వెతికే మనిషిని గనక చెవులు రిక్కించి విన్నాను. చర్చి పెద్ద పోప్ పేరు చదివే చోట మాత్రం నా చెవి ఒక పేరు కోసం ఎదురుచూస్తే ఇంకోటి వినిపించింది.

చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతుంటే "నీ సేవకుడు ఫాదీ" అని వచ్చింది. ముందు వరసలో మాద్లెన్ వీపు కొంచెం వంగింది.

అక్కడ కూర్చునే ఆలోచించాను. మా చర్చి లెక్కలో ఆ పిల్లాడు గడప బయట. ఈ చర్చి లెక్కలో వాడూ లోపలే, నేనూ లోపలే, మా అమ్మా లోపలే. ఎటు నుంచి కూడినా కాలవలో పోయిన పసివాణ్ణి బయట నిలబెట్టే లెక్క నాకు సరిపోలేదు. నేను ప్రేమించిన పిల్ల నన్ను వద్దన్నాక కూడా సరిపోలేదు. మరుసటి ఆదివారం వెళ్ళాను. ఆ తర్వాతా వెళ్ళాను. మాద్లెన్ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

పంట కోతలైపోయి మళ్ళీ దుమ్ముగాలులు వచ్చేసరికి అబూనా ఆన్తూన్ నన్ను పిలిచి, "ఇంకా ఆమె కోసమేనా?" అన్నాడు.

"ఆమె నాతో మాట్లాడదు అబూనా."

"నేనడిగింది అది కాదు."

"కాదు. ఆమె కోసం కాదు."

జనం ముందు నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పాను. చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో నేర్చుకున్నదే.

సాయంత్రానికి నాన్నకి తెలిసింది. ఆయన అరవలేదు. కొట్టు తాళం చెవుల కోసం చెయ్యి చాపాడు. "నీ పెళ్ళి కోసం వెళ్ళావంటే కుర్రతనం అనుకునేవాణ్ణి. పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు. నా ప్రార్థన చెల్లదనే కదా వెళ్ళావు?"

"చెల్లదని కాదు నాన్నా. వాళ్ళదీ చెల్లుతుందని."

"అయితే అక్కడే చెల్లు. ఈ గడప తొక్కకు."

ఊరి అవతల నువ్వుల గానుగలో పనికి చేరాను. అంతకుముందు నేను బేరమాడిన మనుషులే ఇప్పుడు నా మీద అరిచేవాళ్ళు.

అమ్మకి కాలేయం జబ్బు. చలికాలంలో ఆస్పత్రిలో పడింది. నమాజు వేళకి మందులషాపు మూసేస్తారని నాన్న ముందే మందులకు వెళ్ళినప్పుడు, ఇస్తీర్ అత్త నన్ను లోపలికి పంపి గుమ్మంలో నిలబడింది. అమ్మ చర్మం పసుపు పచ్చగా ఉంది. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ అంగీ కుట్టింది నేనేరా."

"తెలీదమ్మా."

"అందరూ కోడళ్ళకి కుడతారని కుట్టాను. ఆ పిల్లలో ఏదో తక్కువుందని కాదు. చెప్పు దానితో."

"మాట్లాడదమ్మా నాతో."

"నీకు మాట్లాడించడం రాదు. బేరమాడటమే వచ్చు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను పోతే, మీ చర్చిలో నా పేరు చదువుతారా? నేను అక్కడిదాన్ని కాను కదా."

"చదువుతారు."

"నిజంగా?"

"నేనే చదివిస్తాను."

"అయితే ఒక చోటికి రెండు చోట్లు. నాకు నష్టమేముంది?" అంది అమ్మ. ఇంట్లో అసలు వ్యాపారి ఆమేనని అప్పుడు తెలిసింది. ఆ వారంలోనే పోయింది.

అమ్మ చర్చిలో చివర నిలబడి, శవపేటిక దాటిపోతుంటే చెయ్యి ఆనించాను. అంతవరకే. మా ఇంటి ముందు వీధిలో పందిరి వేశారు. పరామర్శకి వచ్చేవాళ్ళు చెయ్యి కలిపేందుకు నాన్న, బాబాయిలు, వాళ్ళ కొడుకులు వరసగా నిలబడ్డారు. కొడుకు చోటు నాన్న పక్కన. నేను దగ్గరికి వెళ్తే నాన్న భుజం అడ్డం పెట్టాడు.

"ఇది ఇంటివాళ్ళ వరస."

గొడవ పడితే పోయేది అమ్మ పరువే. వీధి అవతల గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి, చూడనట్టు పందిట్లోకి వెళ్ళారు.

బుష్రా మాష్టారు వచ్చాడు, నల్లబట్టల్లో మాద్లెన్‌తో. ఆమె ఆడవాళ్ళ వైపు వెళ్ళింది. మాష్టారు వరసంతా చేతులు కలిపి, నాన్న పక్కనున్న ఖాళీ చోటు చూసి, బయటికొచ్చి నేరుగా నా దగ్గరికొచ్చాడు. "ఆమె వదిలిన ఆయుష్షు నీకు కలవాలి నాయనా" అని చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదలకుండా నా పక్కనే, గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"మాష్టారూ, కూర్చోండి లోపల."

"కొడుకు నిలబడితే కూర్చోవడం మర్యాద కాదు."

కాసేపటికి మాద్లెన్ బయటికొచ్చింది. ఆడవాళ్ళ గదిలోంచి మగవాళ్ళ వీధిలోకి. తలలన్నీ అటు తిరిగాయి. వచ్చి నాకు ఇటు పక్కన నిలబడింది.

"లోపలికి వెళ్ళు. ఏమైనా అంటారు."

"అంటున్నారు. విన్నాను. మీ అత్త చెప్పింది, అంగీ సంగతి."

"ఏం చెప్పింది?"

"మీ అమ్మ కుట్టిందని. నాతో చెప్పమందని." కళ్ళు తుడుచుకుంది. "ఒక్క ఆదివారం మానేస్తావని చూశాను. మానేస్తే నిన్ను మర్చిపోవడం తేలికయ్యేది."

"వెనక్కి తిరిగి చూడనేలేదుగా నువ్వు."

"చూడాలా? నువ్వు పాటలో ఒక పదం ముందే ఎత్తుకుంటావు. చర్చి మొత్తానికి తెలుసు, వెనక ఒక ఆర్థడాక్స్ గొంతు ఉందని."

మాష్టారు దగ్గాడు. నవ్వు దాచుకోవడానికేమో.

తర్వాత వచ్చినవాళ్ళలో ఒకాయన, మా పాత కొనుగోలుదారు, వీధి మధ్య ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ముందు మా ముగ్గురికీ చేతులు కలిపి, ఆ తర్వాత పందిట్లోకి వెళ్ళాడు. వెనకొచ్చినవాళ్ళూ అదే దారి పట్టారు. మా వరస చిన్నదే. అయినా వరసే.

నాన్న అంతా చూస్తున్నాడు. పిలవలేదు. ఇస్తీర్ అత్తని గుమ్మం దగ్గరికి పిలిచి, తల వంచి చెవిలో ఏదో అన్నాడు. అత్త పళ్ళెంతో వీధి దాటి వచ్చింది. మూడు కప్పులు, చక్కెర లేని కాఫీ.

"మీ నాన్న పంపాడు."

ఆ కాఫీ పరామర్శకి వచ్చినవాళ్ళకిస్తారు. ఇంటివాళ్ళకివ్వరు. మా అమ్మ చావుకి నన్ను పరాయివాడిగా లెక్క కట్టాడు మా నాన్న. పొద్దున నన్ను ఆ మాత్రానికీ లెక్కలోకి తీసుకోలేదు. కప్పు పట్టుకున్న వేళ్ళు కాలుతున్నా తాగలేకపోయాను.

"తాగు" అంది మాద్లెన్.

"అతిథికిచ్చేదిది."

"మరి అతిథినే లోపలికి రమ్మంటారు. శత్రువుని కాదు. నలభయ్యో రోజు ప్రార్థనలయ్యాక మా నాన్నని అడుగు. ఈసారి పెళ్ళి ఎవరి చర్చిలోనని ముందే మాట్లాడుకో."

"అడగనక్కర్లేదు. ఇక్కడే ఉన్నాను" అన్నాడు మాష్టారు, వీధి అవతలికే చూస్తూ.

నేను కాఫీ తాగాను. చాలా చేదుగా ఉంది. అడుగున మడ్డి మిగిలే దాకా తాగి, నాన్నకి కనబడేలా ఖాళీ కప్పు పళ్ళెంలో పెట్టాను.