కదలని మబ్బు

"మంచు మీద తిరిగినవాడి బూట్లకి మసెందుకు అంటుతుంది?"

చీఫ్ ఒక జత బూట్లు టేబుల్ మీద పెట్టాడు. వాటి అడుగునంతా నల్లటి పొడి. మంచు మందం కొలవడానికి కొండెక్కిన సర్వేయరువి. కాలుజారి లోయలో పడ్డాడని రిపోర్టు రాసేశారు. వీపులో బుల్లెట్ దిగినవాడు కాలు జారక ఏం చేస్తాడు పాపం!

ఏజెంట్ పాదరసం ఒక బూటు వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అక్కడ పొయ్యి కూడా ఉండదు సార్. మసెక్కడిది?"

"అదే నీ అసైన్‌మెంట్. శాటిలైట్ ఫోటోలు చూసి ఆ కొండల మంచు లెక్క తీసే సెంటరొకటుంది. ఎంత కరుగుతోందో వాళ్లు చెప్తారు, దాన్నిబట్టి కింద డ్యామ్ గేట్లు ఎత్తుతారు. ఆ సెంటర్లోకి విదేశీ ముఠా మనిషి దూరాడని సమాచారం. మన మనిషి కూడా ఒకరున్నారు. కోడ్ చెప్పి నిన్ను కలుస్తారు. నీ కవర్..."

"ఏసీ మెకానిక్. తెలుసు సార్."

ఏళ్ల తరబడి అదే వేషం. సొంత అక్కాబావలకి కూడా అతను ఏసీ మెకానిక్కే. ఇన్నేళ్లలో అతని చేతిమీదుగా ఒక్క ఏసీ బాగుపడిన పాపాన పోలేదు, అది వేరే సంగతి. ఆ బావ సరిగ్గా ఆ డ్యామ్ మీదే గేట్ ఆపరేటరు. అక్కా, పిల్లలూ డ్యామ్ కింద ఊళ్లోనే ఉంటారు. పాదరసం ఆ ముక్క చీఫ్‌కి చెప్పలేదు. చెప్తే కేసు ఇంకొకడికి పోతుంది.

సెంటర్లో అడుగుపెట్టగానే అందరూ అనుమానంగానే కనిపించారు. బట్టతల డైరెక్టరు సొరుగుకి తాళం వేసి, లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు. ఎనలిస్ట్ మేడమ్ సంగతి చెప్పక్కర్లేదు. సెంటు వాసన ముందొచ్చింది, తర్వాత ఆవిడొచ్చింది. ఆఫీసులో చలువ కళ్లజోడు ఎందుకో!

పాదరసం ఎక్కిన నిచ్చెన కిందకొచ్చి ఆవిడ మెల్లగా అంది. "ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి."

అదే కోడ్. "గొడుగు పట్టుకోండి మేడమ్," అన్నాడు.

"డైరెక్టరే ఆ ముఠా మనిషి. అందరూ భోజనానికి వెళ్లాక ఫైళ్లు మారుస్తాడు. నా కళ్లారా చూశాను."

పాదరసం తలూపాడు. తలూపినంత తేలిగ్గా నమ్మే రకం కాదు.

ఇంతలో బావ ఫోన్. "ఒరేయ్, నువ్వు బిగించిన ఏసీ చచ్చిందిరా! కంట్రోల్ రూమ్ పెనంలా కాలుతోంది!"

"పనిలో ఉన్నా బావా," అని పెట్టేశాడు.

మధ్యాహ్నం ఏసీ మూత విప్పుతూ డైరెక్టర్ని కదిపాడు. "స్క్రీన్ మీద అంతా తెలుపే కద్సార్. ఏది మంచు, ఏది మబ్బు?"

పాఠం చెప్పే అవకాశం దొరికితే ఆయన ఆగుతాడా! "మామూలు ఫోటోలో తెలీదయ్యా. ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే మంచు నల్లగా, మబ్బు తెల్లగా పడుతుంది. మబ్బున్న చోట కింద మంచు కనబడదు కాబట్టి పాత లెక్కే ఉంచుతాం. మబ్బు తేలిపోయాక సరిచేస్తాం. ఇదిగో, డ్యామ్ పైలోయ. వారంగా మబ్బు వదల్లేదు."

మళ్లీ బావ. "ఫోన్ పెట్టేస్తావేంట్రా? వారం నుంచి ఒకటే ఎండ! కొండ మీద చారెడు మబ్బు లేదు!"

పాదరసం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "పైలోయ మీద కూడా లేదా?"

"అద్దంలా కనబడుతుంటే! వాగేమో పొంగుకొస్తోంది. ఆ మంచు లెక్కలాళ్లేమో మంచు కరగట్లేదు, గేట్లు మూసి డ్యామ్ నింపుకోమంటారు. నీళ్లు అంచుకి బారెడు కిందున్నాయిరా."

బూట్ల మసి గుర్తొచ్చింది. నలుపు ఎండని పీల్చేస్తుంది. మంచు మీద మసిపొడి చల్లితే గబగబా కరిగిపోతుంది. ఆ కరగడం కనబడకుండా మ్యాప్ మీద మబ్బు అతికిస్తే చాలు. డ్యామ్ తెగితే ముందు పోయేది అక్క ఇల్లే.

"సార్, మబ్బులు మార్కు చేసేదెవరు?"

"నేనే," అంది వెనక నుంచి ఎనలిస్ట్. చేతిలో లిప్‌స్టిక్. దాని చివర సన్నటి తుపాకీ గొట్టం. "కోడ్ సరిగ్గానే చెప్పానుగా?"

"మా కోడ్ చెప్పారు. వాళ్ల కోడ్ కూడా కంఠతా వచ్చుంటుంది."

"రెండు వైపులా నేనే. చేతులెత్తు. ఇంకాసేపట్లో నీళ్లే మిగతా పని చూసుకుంటాయి."

పాదరసం బుద్ధిగా చేతులెత్తాడు. నిచ్చెన పైమెట్టుకి తగిలించుకున్న ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వు చేతికందింది. తిప్పాడు. తెల్లటి పొగ బుస్సున ఆవిడ మొహాన కొట్టింది. తూటా వెళ్లి ఏసీలో దిగింది. పొగ తేలేసరికి లిప్‌స్టిక్ అతని జేబులో ఉంది, ఆవిడ చేతులకి ఏసీ వైరుంది.

డైరెక్టరు అసలు ఫోటో తెరిచాడు. మబ్బు లేదు. మంచూ లేదు. లోయంతా బోడి బండలు. "అయ్యబాబోయ్!" అని డ్యామ్‌కి మెసేజ్ కొట్టబోయాడు. లైను ముందే కోసేసి ఉంది.

మిగిలింది బావ ఫోనొక్కటే.

"బావా, పైలోయలో మంచంతా కరిగిపోయింది, ఇప్పుడే గేట్లెత్తు!"

"నీ మాట విని గేట్లెత్తాలా? ఏసీ బిగించడం చేతకాదు, నాకు డ్యామ్ నేర్పుతున్నాడు!"

ఇన్నేళ్లూ ఆ మనిషికి చెప్పినవన్నీ అబద్ధాలే. ఇప్పుడు ఒక్క నిజం నమ్మించాలి.

"బావా... అక్క మీద ఒట్టు."

అవతల నీళ్లు గోడకి కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లోకి వినబడుతోంది. చచ్చినా వాడు అక్క మీద దొంగ ఒట్టు వెయ్యడని బావకి తెలుసు.

హెచ్చరిక సైరన్ మోగింది. ఆ వెనకే గేట్లు పైకి లేస్తున్న కిర్రుమనే చప్పుడు. పాదరసం నిచ్చెన మీదే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

పైలోయలో మసి చల్లిన ముఠాని సాయంత్రానికి చీఫ్ మనుషులు పట్టుకున్నారు. చీకటి పడకముందే బావ ఫోన్ చేశాడు.

"నీళ్లు దిగాయిరా. మీ అక్క ఏడుస్తూ కూర్చుంది. అది సరే, ఏసీ మెకానిక్కి మంచు సంగతి ఎలా తెలిసిందిరా?"

"చల్లదనం మా లైనే కదా బావా."

"చాల్లే సంబడం. ఆదివారం వచ్చి నా ఏసీ చూడు."

పాదరసానికి చెమట పట్టింది. లిప్‌స్టిక్ తుపాకీ ఎదురైనప్పుడు కూడా పట్టలేదు.