మాంసకృత్తుల్లో మాంసం

ఆ ఇంట్లో పొద్దున్నే కుక్కర్ కూతకంటే ముందు పళ్ళెం ఎగురుతుంది. అది ఎంత మామూలైపోయిందంటే, గోడకి పళ్ళెం తగిలిన చప్పుడు విని కింద వాటావాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారేమోనని కోడలు తనలో తానే నవ్వుకునేది. కానీ ఆ రోజు పళ్ళెం గోడకి తగల్లేదు. ఆమె నుదుటికి తగిలింది.

ఉడికించిన శనగలు, వేయించిన వేరుశనగ గుళ్ళు, రెండుగా కోసిన గుడ్డు గది నిండా చిమ్మాయి. ఒక శనగ గింజ దొర్లుకుంటూ వెళ్ళి అత్తయ్య కాలి దగ్గర ఆగింది. కనుబొమ్మ మీంచి వెచ్చగా ఏదో కారుతుంటే కోడలు ముందు కూర అనుకుంది. తుడుచుకుని చూస్తే వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"డాక్టరమ్మ ఏం చెప్పింది?" మంచం మీంచి మామయ్య అరిచాడు. "మాంసకృత్తులు పెట్టమంది. మాంసం. చెవుల్లో దూది పెట్టుకుని విన్నావా? నేనేమన్నా గుర్రాన్నా, శనగలు పోస్తున్నావ్?"

"మావయ్యా, మాంసకృత్తులంటే మాంసం కాదు. ప్రోటీన్. శనగల్లో ఉంటుంది, పప్పుల్లో ఉంటుంది, గుడ్లో..."

"నాకు పాఠం చెప్పకు. జీవితమంతా మాంసం కొట్టినోణ్ణి. పేరులోనే ఉంది కదమ్మా. మాంసం లేకుండా మాంసకృత్తులెక్కణ్ణించొస్తాయి? కోడి లేకుండా కోడిగుడ్డొస్తుందా?"

బజార్లో ఆయన పేరు ఒక్కవేటు. ఎంత లావు ఎముకైనా ఆయన కత్తి రెండోసారి లేవనవసరం లేదు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళట. అత్తయ్య మాత్రం ఆ పేరు వినగానే చూపుడు వేలు కొంగులో దాచుకునేది. ఆ వేలు కొంచెం వంకర. "ఆయనకి వచ్చింది ఒకటే పనమ్మా, కొట్టడం," అని పెళ్ళైన కొత్తలో కోడలికి చెప్పింది. "కొట్లో మేకని, ఇంట్లో నన్ను." చెప్పి, ఇంకెవరి సంగతో చెప్పినట్టు చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది.

ఈ ఏడు వానాకాలంలో మాంసం కొట్టే తడి మొద్దు మీద కత్తి జారింది. ఆ ఒక్క వేటూ వచ్చి ఆయన కాలి పిక్క మీదే పడింది. కొట్టు మూతపడింది, పుండు మాత్రం మూతపడలేదు. కట్టు మార్చినప్పుడల్లా లోపల పాలిపోయిన కండ కనపడేది. మందులతో మాత్రమే కాదు, తిండితో కూడా మానాలంది డాక్టరమ్మ. కొత్త కండ పుట్టాలంటే రోజూ ప్రతి పూటా మాంసకృత్తులు పడాలి, వచ్చే నెల చూపించేసరికి పుండు పూడకపోతే మోకాలి కింద తీసెయ్యాల్సిందే. పెద్దాయనకి అర్థమవ్వాలని ప్రోటీన్ అనకుండా తెలుగులో చెప్పింది పాపం. అక్కడే కొంప మునిగింది.

కోడలు షర్టు కాలర్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. ఇద్దరి సంపాదన అద్దెకీ మందులకీ పోను మిగిలినదాంట్లో ఒక్క పూట మాంసం తెస్తే వారమంతా చెయ్యి చాపుకుని కూర్చోవాలి. అదే డబ్బుతో శనగలు, పెసలు, వేరుశనగలు, సోయా, గుడ్లు, పాలు తెస్తే వారం మొత్తం ప్రతి పూటా ఆయన పళ్ళెంలో ఏదో ఒకటి పడుతుంది. ఆమె మొండితనమంతా ఆ లెక్క మీదే. పళ్ళెం ఎగిరిన కొద్దీ మళ్ళీ నింపేది.

భర్త తల తుడుచుకుంటూ గదిలోకొచ్చి ఆమె మొహం చూశాడు. తువ్వాలు కింద పడేశాడు.

"ఎవరు చేశారిది?"

ఆ ఇంట్లో అది అడగాల్సిన ప్రశ్నే కాదు.

"నిన్నే అడుగుతున్నా నాన్నా. నా పెళ్ళాన్ని కొడతావా?"

"నా తిండి దొంగిలిస్తే కొట్టనా?"

మాట పూర్తవకముందే కొడుకు తండ్రి బనీను మెడ దగ్గర పట్టి లేపాడు. బనీను పర్రున చిరిగింది. తండ్రి చెయ్యి గాల్లో తిరిగి కొడుకు చెంప పేలింది. కొడుకు తోశాడు. మంచం గోడకి గుద్దుకుంది, గోడకున్న అద్దం ఊడి పడి బద్దలైంది. "ఒరేయ్, కాలు, కాలు చూడరా," అని అత్తయ్య అరుస్తోంది. పుండు కట్టు మీద అప్పటికే ఎర్రగా మచ్చ పాకుతోంది. మామయ్య చెయ్యి పరుపు కిందకి దూరింది. బయటికొచ్చినప్పుడు ఆ చేతిలో మాంసం కొట్టే కత్తి ఉంది.

ఇంట్లో ఉందని అందరికీ తెలుసు. పరుపు కింద ఉందని ఎవరికీ తెలీదు.

కత్తి కొడుకు చెవి పక్కనుంచి వెళ్ళి ద్వారబంధంలో దిగబడింది. పిడి కాసేపు వణికింది.

కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. మెల్లగా చెవి తడుముకుని, తండ్రిని ఏమీ అనకుండా పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ పిసినారితనం వల్ల ఈ రోజు నా తల పోయేది. ఆయనకి కావల్సింది మాంసం. తెచ్చి పడేస్తే పోయేదానికి ఇన్నాళ్ళూ శనగలు, శనగలు. ఇదేమన్నా ఇల్లా, పావురాల గూడా?"

పళ్ళెం అంచుకంటే అదే లోతుగా దిగింది ఆమెకి. "తెండి," అంది. "ఇవాళ తెస్తారు. రేపు? ఎల్లుండి? ఆ కాలు ఒక్క పూట తిని ఊరుకుంటుందా?"

అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్య వచ్చి నుదుటికి గుడ్డ అదిమింది. కట్టు తీరుగా కట్టింది. ఆ పని ఆవిడకి అలవాటే.

మధ్యాహ్నానికి భర్త నల్ల సంచితో తిరిగొచ్చాడు. ఓనర్ని బతిమాలి జీతంలోంచి ముందే తీసుకున్నాడట. అత్తయ్య వండింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఆ వాసన వస్తుంటే కోడలిక్కూడా, ఎంత కోపంగా ఉన్నా, నోట్లో నీళ్ళూరాయి. గిన్నె ఒళ్ళో పెట్టగానే మామయ్య కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరిశాయి. ఒక ముక్క తీసి, కోతని చూసి, "ఎవడ్రా కొట్టింది, చేతకాని వెధవ," అని నోట్లో వేసుకున్నాడు.

అందరూ చూస్తున్నారు. దవడ కదిలింది. ఒక పక్కకి, ఇంకో పక్కకి. ఇంకా కదులుతూనే ఉంది.

"తినేటప్పుడు మూతి కేసి చూస్తారేంటి?" అన్నాడు బుగ్గలో ముక్క పెట్టుకునే. "పొండి బయటికి."

పోయారు. భర్త గెలిచినవాడిలా కోడలి వైపు చూశాడు. చూసి తల తిప్పుకునేలోపే లోపల గిన్నె కిటికీ ఊచలకి తగిలి మోగింది.

"ఇది మాంసమా, చెప్పు తోలా? చచ్చిన ముసలి పోతుని తెచ్చాడు నా కొడుకు. అయ్యని చంపడానికే తెచ్చాడు."

ఈసారి కొడుకు తోయడంతో ఆగలేదు. స్టూలెత్తాడు. అది చూసి కూడా తండ్రి తలకి చెయ్యి అడ్డు పెట్టుకోలేదు, పైగా మెడ చాపాడు. "కొట్టరా. నా కొడుకువే అయితే కొట్టు. ఒక్క దెబ్బతో అయిపోవాలి, చూసుకో."

స్టూలు దిగింది. మధ్యలో అత్తయ్య దూరింది. దాని కర్ర కాలు ఆమె భుజం మీద పడిన చప్పుడు ఎండు కొమ్మ విరిగినట్టుంది. ఆమె అరవలేదు. మంచం పట్టి పట్టుకుని కూలబడిపోయింది. కొడుకు చేతిలో స్టూలు అలాగే ఉండిపోయింది, తన చేతులు తనవి కానట్టు వాటికేసి చూసుకుంటున్నాడు. మామయ్య మొహం వికృతంగా మారింది, "నీయమ్మనే కొడతావురా" అంటూ ఒంటికాలి మీద లేచి వాడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గాజుపెంకుల మీద పడ్డారు.

కోడలికి తర్వాత ఎంత ఆలోచించినా ద్వారబంధం దాకా ఎప్పుడు నడిచిందో గుర్తు రాలేదు. కత్తి ఊడబెరికింది, రెండు చేతుల్తో ఎత్తింది, మంచం కోడు మీద ఒక్క వేటు వేసింది. చెక్క చీలి మంచం ఒక మూలకి ఒరిగిపోయింది. పరుపు జారింది, దిండు జారింది.

"ఇంకొక్క చెయ్యి లేస్తే చూడండి," అంది. గట్టిగా కూడా అనలేదు.

దిండుతో పాటు ఒక పాత తుండుగుడ్డ మూట కూడా జారి విడిపోయింది. అందులో ఇవాళ్టి మాంసం ముక్కలున్నాయి. ఎండిపోయిన శనగలున్నాయి, వేరుశనగ గుళ్ళున్నాయి, గట్టిపడిన సోయా ఉండలున్నాయి. ఒక్కదానికీ గాటు లేదు. మాంసం ముక్కలు చప్పరించి తెల్లబడ్డాయి, అంతే.

కోడలు కత్తి పట్టుకునే వాటిముందు గొంతుక్కూర్చుంది. ఆమెకి మెల్లగా వెలిగింది. పళ్ళెం విసిరేస్తే ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. ఎందుకు కొట్టావనే అడుగుతారు.

"మావయ్యా, నోరు తెరవండి."

"పోవే."

"కత్తి నా చేతిలో ఉంది."

ఆయన కొడుకు గొంతు వదిలేశాడు. గోడవైపు తిరిగాడు. కాసేపటికి, ఎవరో బలవంతంగా తెరిచినట్టు, నోరు తెరిచాడు. ముందర పళ్ళు గుమ్మానికి తోరణంలా బాగానే ఉన్నాయి. వెనక ఒక్కటీ లేదు. చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పట్నించి?" అడిగాడు కొడుకు.

"ఒకటొకటే ఊడాయి. కొట్టు మూయకముందు నుంచే." మాటలు గోడకి చెప్తున్నాడు. "ఒక్కవేటు గాడు ముక్క నమల్లేడని తెలిస్తే బజారు నవ్వదా?"

"కాలు పోతే బజారు ఏడుస్తుందా?"

అన్నది అత్తయ్య. భుజం పట్టుకుని కింద కూర్చునే అంది. ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

"నన్ను కొట్టినప్పుడల్లా పళ్ళు పటపటా కొరికేవారు," అంది. "అరగక చస్తాయా?"

కోడలికి నవ్వొచ్చింది, నవ్వబోతే ఏడుపొచ్చింది. మామయ్య భార్య వంక చూశాడు. ఆ వంకర వేలు భుజం మీద ఉంది. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత ఆయన ఏడుపు చూడ్డానికి చాలా కష్టంగా ఉండింది, ఆ నోటికి అరవడమే తప్ప ఏడవడం రాదు. కొడుకు స్టూలు గుమ్మంలోంచి బయటికి విసిరేసి, తల్లి పక్కన చతికిలబడి, "అమ్మా, అమ్మా" అంటూ భుజం తడుముతూ ఉండిపోయాడు.

"నా తల పోయేదని కోపంలో నిన్ను ఏదేదో అన్నాను," అన్నాడు కోడలితో, ఆమె మొహంలోకి చూడలేక.

"అది తర్వాత మాట్లాడదాం," అంది. మామయ్య వైపు తిరిగింది. "నా నుదురు మానుతుంది మావయ్యా. కానీ ఈ ఇంట్లో ఇంకో పళ్ళెం ఎగిరితే, ఎవరు విసిరినా సరే, నేనూ అత్తయ్యా గది చూసుకుని వెళ్ళిపోతాం. కాలర్లు కుట్టుకుని బతకలేమా?"

"వెళ్తాం," అంది అత్తయ్య వెంటనే, ముందే సంచి సర్దుకున్నట్టు.

మర్నాడు పొద్దున్న కోడలు, కొట్టు మూసినప్పుడు ఇంటికి తెచ్చిన ఆయన పాత మొద్దుని మంచం కింద నుంచి లాగింది. కడిగి ఆయన ముందు పెట్టింది. మెత్తగా ఉడికించిన శనగలు, నానబెట్టి పిండిన సోయా దాని మీద కుప్ప పోసి కత్తి చేతికిచ్చింది. కొడుకు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం చెయ్యమంటావ్?"

"కైమా కొట్టండి."

"శనగల కైమానా?" ఆయన మొహం పులిసిపోయింది. "బజారు ముందు నన్ను..."

"బళ్ళో మా తెలుగు మాస్టారు చెప్పేవారు, కృత్తు అంటే చేసేది అని. నాకు రాత్రంతా అదే తిరుగుతోంది. మాంసకృత్తంటే మాంసం కాదు మావయ్యా, మాంసాన్ని చేసేది. పేరులోనే ఉందని మీరే అన్నారు కదా. ఇది తింటే ఆ కాల్లో కండ అదే పుడుతుంది. ముక్క ఎక్కడుండాలి, పళ్ళెంలోనా పిక్కలోనా?"

ఆయన ఆ మాటని కాసేపు నమిలాడు. దానికి పళ్ళక్కర్లేదు. తర్వాత కత్తి పిడి సరిగ్గా పట్టుకున్నాడు.

టక టక టక. ఎముకలు విరగ్గొట్టిన చెయ్యి ఎంత తేలిగ్గా ఆడిందంటే, శనగలు వెన్నలా అయిపోయాయి. ఉడికిన గుడ్డు కూడా అందులోనే కలిపి కొట్టాడు. తిన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి, ఏం చెయ్యాలో తెలీక దాన్ని రెండు చేతుల్తో కోడలికి అందించాడు.

మరుసటి నెల డాక్టరమ్మ కట్టు విప్పి పుండు అంచులు నొక్కింది. లోపల లేత ఎరుపు. "కొత్త కండ," అంది. "కాలు కొయ్యక్కర్లేదు. ఏం పెడుతున్నారమ్మా?"

"మాంసకృత్తులు," అన్నాడు మామయ్య కోడలికంటే ముందే. "శనగలు. మాంసమనుకున్నారా?"

ఇప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే టక టక వినపడుతుంది. మొదట్లో ఆ చప్పుడికి అత్తయ్య వంటింట్లో ఉలిక్కిపడేది. ఎన్ని రోజులు పట్టిందో ఎవరూ చూడలేదు గానీ, ఒక పొద్దున్న ఆవిడ తన పళ్ళెం తీసుకుని వచ్చి మొద్దుకి ఎదురుగా కూర్చుంది. ఆవిడ పళ్ళు కూడా అంతంతమాత్రమేనట. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు.

"నాకూ కాస్త కొట్టండి," అంది.

కత్తి గాల్లోనే ఆగిపోయింది. ఆయన తలొంచుకున్నాడు. మొద్దు మీద రెండు చుక్కలు రాలాయి. తర్వాత ఆయన చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఆవిడ కోసం కొట్టడం మొదలుపెట్టాడు.